ఐదున్నర అంగుళాల తాత

గిన్నెలో నీళ్లు మరిగాయి. స్టవ్ కట్టేసి, ఒక సైనికుణ్ని తలకిందులుగా అందులో ముంచాను. నిమిషం ఆగి పటకారుతో పైకి తీసి, తువ్వాలులో చుట్టి తలను నెమ్మదిగా మెలితిప్పి లాగితే టక్కున ఊడి చేతికొచ్చింది. వేడికి ప్లాస్టిక్ మెత్తబడుతుంది. మెడలోని గుండు కీలు విరక్కుండా బయటపడుతుంది. హైదరాబాద్ ఎర్రగడ్డ ఆదివారం సంతలో విరిగిన ఆటబొమ్మల కుప్పలోంచి 60 రూపాయలకు ఏరి తెచ్చిన ఆరంగుళాల బొమ్మ అది. డబ్బా లేదు, పేరు లేదు, చేతిలోని తుపాకీ ఎప్పుడో పోయింది. నాకు కావలసింది మోకాలు, మోచెయ్యి, నడుము చక్కగా వంగే ఆ ఒళ్లు. దాంట్లోంచి మా తాతను తీయాలి.

మా తాత తాళ్లెక్కేవాడు. యాదాద్రి భువనగిరి జిల్లాలోని మా ఊళ్లో పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చెట్టెక్కి కల్లు దించేవాడు. ఆయనది ఒకే ఒక్క ఫొటో మిగిలింది, ఓటరు కార్డు మీదిది. అందులో కెమెరాను చూసి బిగుసుకుపోయి ఉన్నాడు. అరవై అడుగుల ఎత్తున, నడుముకు చుట్టిన మోకుతాడుకు వీపు ఆనించి, రెండు చేతులూ వదిలేసి గెల గీసే మనిషిని ఎవరూ ఫొటో తీయలేదు. నా కళ్లల్లో మాత్రం ఉన్నాడు. అక్కడి నుంచి ఆయన్ను చేతుల్లోకి దించాలన్న కోరికతోనే ఈ పనిలోకి వచ్చాను.

దుకాణంలో దొరకని మనిషిని సొంతంగా చేసుకోవడాన్ని ఈ రంగంలో ఉన్నవాళ్లు 'కస్టమ్' అంటారు. తయారుగా ఉన్న బొమ్మను కోసి, అతికి, పుట్టీతో కొత్త కండ పెట్టి, రంగు మార్చి మరో మనిషిని చేయడమే కస్టమ్. రెండుమూడు బొమ్మల ముక్కలు కలిపి ఒకటి చేస్తే దానికి 'కిట్‌బ్యాష్' అని పేరు. చాలామంది సినిమా వీరులనో కామిక్ పాత్రలనో చేస్తారు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. మీరు బాగా ఎరిగిన మనిషిని చేయండి. వీరుడి ముఖం కొంచెం తేడాగా వచ్చినా ఎవరూ పట్టుకోలేరు. మీ ఇంటి మనిషి ముఖంలో అర మిల్లీమీటరు తేడా వచ్చినా మీ కన్ను ఒప్పుకోదు. ఆ ఒప్పుకోకపోవడమే చేతికి పని నేర్పుతుంది.

అడుగు అంగుళమైన చోట

'యాక్షన్ ఫిగర్' అన్న మాట వయసు అరవై ఏళ్లు దాటింది. 1959లో బార్బీ వచ్చి అమెరికా దుకాణాలను ఊపేశాక, అబ్బాయిల కోసం అలాంటిదే ఒకటి చేయాలని హాస్‌బ్రో కంపెనీ అనుకుంది. 1964లో 'జి.ఐ. జో' పేరుతో దాదాపు అడుగు ఎత్తున్న సైనికుణ్ని తెచ్చింది. ఒంట్లో 21 కదిలే భాగాలు. 'డాల్' అంటే అబ్బాయిలు ముట్టుకోరన్న భయంతో కొత్త మాట పుట్టించారు. మనుషులందరికీ ఉండే ఆకారం మీద ఏ కంపెనీ హక్కు చెప్పుకోగలదు? అందుకే నకళ్లను పట్టుకోవడానికి బుగ్గ మీద గాటు ఒకటి పెట్టారు. కుడి బొటనవేలి గోరు పొరపాటున లోపలి వైపు పడితే, దాన్నీ అలాగే గుర్తుగా ఉంచేశారు.

తెలుగులో ఆ 'డాల్' ఇబ్బంది లేదు. ఆడపిల్ల ఆడుకునేదీ బొమ్మే, కొలువులో పెట్టేదీ బొమ్మే, గోడకు తగిలించేదీ బొమ్మే, థియేటర్లో ఆడేదీ బొమ్మే. ఆ ఒక్క మాటలో ఇంత చోటున్నందుకు నాకు గర్వంగా ఉంటుంది.

1978లో కెన్నర్ కంపెనీ 'స్టార్ వార్స్' పాత్రలను మూడు ముప్పావు అంగుళాల ఎత్తులో అమ్మడంతో బొమ్మలు జేబులో పట్టే సైజుకు వచ్చాయి. 1987లో ఎం.ఆర్.ఎఫ్., హాస్‌బ్రో కలిసి పెట్టిన ఫన్‌స్కూల్ ద్వారా జి.ఐ. జోలు మన ఇళ్లకూ చేరాయి. ఇప్పుడు ఎక్కువగా దొరికేవి ఆరంగుళాల బొమ్మలు. కొత్తవాళ్లకు ఇదే మంచి కొలత. లెక్క తేలిక కూడా: పన్నెండో వంతు. అసలు మనిషిలో అడుగు ఎంతో, బొమ్మలో అంగుళం అంత. మా తాత ఐదున్నర అడుగులు. కాబట్టి ఆయన బొమ్మ ఐదున్నర అంగుళాలు.

నాకు దొరికిన సైనికుడు సరిగ్గా ఆరంగుళాలు. అంటే దాదాపు పన్నెండున్నర మిల్లీమీటర్లు తగ్గాలి. బూట్ల అడుగు భాగం కోసేస్తే మూడు పోయాయి. పిక్కల్లోంచి ఆరేసి మిల్లీమీటర్ల ముక్క తీసి, మధ్యలో సన్నటి తీగ గుచ్చి అతికించాను. మిగిలిన మూడున్నరను కొత్త తలలో సర్దుకున్నాను.

ఈ కొలతల దగ్గరే మన శిల్పశాస్త్రం నాకు ఎదురొచ్చింది. విగ్రహం ఎత్తును తాళాల్లో లెక్కిస్తారు. తాళమంటే ముఖం పొడవు, 12 అంగుళాలు. నవతాళమంటే తొమ్మిది ముఖాల ఎత్తు, 108 అంగుళాలు. అయితే ఆ అంగుళం మన స్కేలు మీది అంగుళం కాదు. విగ్రహం ఎత్తునే 108 భాగాలు చేస్తే వచ్చే ఒక భాగం. దేహలబ్ధాంగుళం అంటారు. అందువల్ల కొండంత విగ్రహానికీ గుప్పెడంత విగ్రహానికీ ఒకే సూత్రం సరిపోతుంది. మా తాత బొమ్మ 140 మిల్లీమీటర్లు. 108తో భాగించి 12తో గుణిస్తే ముఖం పదిహేనున్నర మిల్లీమీటర్లు రావాలి. తాత ముఖం మా నాయనకు వచ్చింది. ముఖం కొలుస్తానంటే ఏమీ అడక్కుండా కదలకుండా కూర్చున్నాడు. నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోటు నుంచి గడ్డం దాకా టేపు పెట్టి, వచ్చిన కొలతను 12తో భాగించాను. పదిహేనున్నరే.

ముందు తీసేయాలి

బొమ్మ చేయడమంటే పుట్టీ పెట్టడమని అనుకుంటాం. నా మొదటి పదిహేను రోజులూ తీసేయడంతోనే సరిపోయాయి. ఈ బొమ్మలన్నీ యుద్ధానికి పుట్టినవి. ఛాతీ పలకలుగా ఉబ్బి ఉంటుంది, భుజాలు గుమ్మడికాయల్లా ఉంటాయి, కాళ్లకు బూట్లు, చేతులు పిడికిళ్లు. జీవితమంతా చెట్లెక్కిన మనిషి ఒళ్లు అలా ఉండదు. మా తాత ఛాతీ చదునుగా, పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉండేది. బలమంతా ముంజేతుల్లో, పిక్కల్లో, నడుములో ఉండేది. వ్యాయామశాలలో పెంచిన కండకూ పని మలిచిన కండకూ ఉన్న తేడా నాకు ఆ ప్లాస్టిక్ ఛాతీని గీకుతుంటేనే తెలిసింది.

కోతకు బ్లేడు మార్చుకునే క్రాఫ్ట్ కత్తి చాలు. కత్తిని ఎప్పుడూ మన వైపు లాగకూడదు. తరవాత గరుకు కాగితం, 220 నంబరుతో మొదలై 400, 600. నీళ్లలో తడిపి రుద్దితే దుమ్ము లేవదు. మాస్కు మాత్రం తప్పనిసరి. కీళ్ల దగ్గర ఇంకో సంగతి ఉంది. రెండు ప్లాస్టిక్ భాగాలు ఒరుసుకునే చోట రంగు నిలవదు, మొదటి కదలికకే పెచ్చులూడుతుంది. అక్కడ రంగు మందానికి సరిపడా ముందే అరగదీసుకోవాలి. ఈ జాగ్రత్త తెలియక మోకాళ్లకు రెండుసార్లు రంగు వేయాల్సి వచ్చింది.

మక్కు, పుట్టీ

విజయవాడ పక్కన కొండపల్లిలో బొమ్మ తయారయ్యే తీరు చూసినవాళ్లకు ఈ పని కొత్తగా అనిపించదు. తెల్లపొణికి కర్రను ఆరబెట్టి, తల, చేతులు, కాళ్లు విడివిడిగా చెక్కుతారు. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి చేసిన మక్కుతో వాటిని అతుకుతారు. ఆ మక్కుతోనే ఒంపులు, ముక్కూమూతీ దిద్దుతారు. ఆరాక సున్నం పూత పూసి దాని మీద రంగులు వేస్తారు. కస్టమ్ చేసేవాడి బల్ల మీద జరిగేదీ ఇదే వరస. విడి భాగాలు, అతుకు, దిద్దుడు, ప్రైమరు, రంగు. మక్కు స్థానంలో ఎపాక్సీ పుట్టీ, సున్నం స్థానంలో ప్రైమరు. అంతే మారింది.

ఎపాక్సీ పుట్టీ రెండు ముద్దలుగా వస్తుంది. ఒకటి రెజిన్, ఇంకొకటి దాన్ని గట్టిపరిచేది. సమానంగా తీసుకుని, రంగు చారలు పూర్తిగా పోయేదాకా పిసకాలి. విదేశాల్లో సూక్ష్మ శిల్పులు ఎక్కువగా వాడేది 'గ్రీన్ స్టఫ్'. పసుపు, నీలం పట్టీలు కలిపితే ఆకుపచ్చ అవుతుంది కాబట్టి ఆ పేరు. మనకు పైపుల లీకేజీకి వాడే ఎం-సీల్ ప్రతి హార్డ్‌వేర్ దుకాణంలోనూ దొరుకుతుంది. కానీ త్వరగా బిగుసుకుంటుంది. అతుకులకు, లోపలి దిమ్మెకు బాగుంటుంది, ముఖానికి వ్యవధి చాలదు. మ్యూరల్స్ చేసేవాళ్లు వాడే శిల్పకార్ మెత్తగా, నెమ్మదిగా ఉంటుంది. ఒళ్లంతా నేను దానితోనే చేశాను. ఓవెన్‌లో కాల్చే పాలిమర్ క్లే కూడా ఉంది. 130 డిగ్రీల దగ్గర కాల్చేదాకా అది గట్టిపడదు, తొందరే లేదు. అయితే దాన్ని ప్లాస్టిక్ ఒంటి మీద పెట్టి ఓవెన్‌లో పెడితే ఒళ్లు వంకర్లు పోతుంది. తలను మాత్రం విడిగా, అల్యూమినియం ఫాయిల్ ఉండ మీద చేసి కాల్చుకోవచ్చు.

కలిపిన పుట్టీతో పనిచేయడం బెల్లప్పాకం లాంటిది. మొదటి పావుగంట చేతికి అంటుకుంటుంది. అప్పుడు ముద్దను స్థానంలో పెట్టి ఊరుకోవాలి. ప్లాస్టిక్‌ను సూదితో అడ్డదిడ్డంగా గీసి ఉంచితే పట్టు దొరుకుతుంది. వేళ్లను నీళ్లతో తడుపుకుంటూ ఉండాలి. ఆ తరవాత మెత్తగా మాట వింటుంది. పంచె మడతలు, కండల ఒంపులు అప్పుడే. ఇంకాసేపటికి రబ్బరులా సాగుతుంది. నుదుటి గీతలు, గోళ్లు, కనురెప్పల అంచులు ఆ దశలోనే పదునుగా వస్తాయి. మెత్తగా ఉన్నప్పుడు గీత గీస్తే పూడిపోతుంది, ముదిరాక ఒంపు తీస్తే చిరుగుతుంది. ఏ పాకానికి ఏ పని అన్నది మీ పుట్టీ, మీ ఊరి ఎండ, మీ చేతి వేడి కలిసి నిర్ణయిస్తాయి. భువనగిరి ఏప్రిల్‌లో నాకు దొరికిన వ్యవధి, డిసెంబరులో దొరికినదానిలో సగమే.

ఒక పూటకు ఒక భాగమే చేయాలి. ఛాతీ అయ్యాక వీపు కూడా ఇప్పుడే చేసేద్దామనిపిస్తుంది. బొమ్మను తిప్పి పట్టుకోగానే ఛాతీ మీద బొటనవేలి ముద్ర పడుతుంది. ఛాతీ ఇవాళ, వీపు రేపు. గట్టిపడని ఎపాక్సీ పదేపదే తగిలితే చర్మానికి అలర్జీ రావచ్చు. పలుచని చేతి తొడుగులు వేసుకోవాలి, కిటికీ తీసి ఉంచాలి, చిన్నపిల్లలకు పుట్టీ ఇవ్వకూడదు. పనిముట్లంటారా? పుల్ల, కుట్టుసూది, గుండుసూది, పాత బాల్‌పెన్ను మొన. వీటితోనే మొత్తం బొమ్మ అయింది.

నాలుగో తల

కొత్తవాళ్లందరూ చేసే తప్పు ఒకటుంది. కళ్లను మరీ పైకి పెడతారు. మన చూపు కళ్లమీదే ఉంటుంది కాబట్టి నుదురు చిన్నదనిపిస్తుంది. అద్దం ముందు నిలబడి కొలుచుకోండి. నడినెత్తి నుంచి గడ్డం దాకా ఎంతో, సరిగ్గా దానిలో సగం దగ్గర కళ్లుంటాయి. రెండు కళ్ల మధ్య ఇంకో కన్ను పట్టేంత చోటు ఉంటుంది. చెవి కనుబొమ్మ దగ్గర మొదలై ముక్కు అడుగున ఆగుతుంది. పన్నెండో వంతుకు కుదిస్తే ఒక కన్ను రెండున్నర మిల్లీమీటర్లు. వేరుశనగ గింజ ఎత్తున్న ముఖం మీద రెండు ఆవగింజలు.

మొదటి మూడు తలలూ పుల్లల మీద నిలబడి ఇప్పటికీ నా బల్ల మీద ఉన్నాయి. మొదటి దానిలో కళ్లు పైకి పోయాయి. రెండో దానిలో కొలతలన్నీ సరిపోయాయి, కానీ ముప్పై ఏళ్లవాడు వచ్చాడు. ముసలితనం గీతల్లో ఉంటుందనుకుని మూడో తలకు ముఖమంతా గీతలు గీశాను. పగిలిన మట్టిపెళ్లలా ఉంది. అప్పుడు నాయన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టి టార్చి లైటు పైనుంచి వేసి చూశాను. వయసు గీతల్లో లేదు. కణతల గుంటలో ఉంది, దవడ పైన లోపలికి పోయిన బుగ్గలో ఉంది, కిందికి జారిన చెవి తమ్మెలో ఉంది. పళ్లూడిన నోట్లో పెదవి లోపలికి మడుచుకోవడంలో ఉంది. నాలుగో తలకు ముందు గుంటలు తీశాను. గీతలు చివర మూడే గీశాను. తాత వచ్చాడు.

చర్మం రంగు ఏది?

రంగు వేసేముందు బొమ్మను గిన్నెలు తోమే సబ్బుతో కడగాలి. అచ్చులోంచి ఊడిరావడానికి రాసిన జిడ్డు ఒంటి మీద ఉండిపోతుంది, రంగును పట్టనివ్వదు. ప్రైమరు స్ప్రేను జానెడు దూరం నుంచి, పలుచగా, రెండు విడతలుగా వేయాలి. వాన పడుతున్న రోజు వేయకూడదు, పైపొర ఇసుకలా తేలుతుంది. మెత్తటి ప్లాస్టిక్ మీద అసలు ఏ స్ప్రేనైనా ముందు ఒక మూల వేసి చూసుకోవాలి. నేను చూసుకోలేదు. రెండు కాళ్లూ మూడు వారాలు జిగటగానే ఉండిపోయాయి. మెత్తదనం కోసం ప్లాస్టిక్‌లో కలిపే ద్రవం కొన్ని రకాల పెయింట్లను ఆరనివ్వదు. మొత్తం గీకేసి, నీళ్లతో కలిపే యాక్రిలిక్ రంగులకు మారాను.

ఇక చర్మం. అమెరికాలో క్రయోలా కంపెనీ క్రేయాన్ల డబ్బాలో 'ఫ్లెష్' అని ఒక రంగు ఉండేది. తెల్లవాళ్ల ఒంటి రంగు. 1962లో దాని పేరు 'పీచ్'గా మార్చారు. సూక్ష్మ బొమ్మల రంగుల్లో ఇప్పటికీ 'ఫ్లెష్' అని రాసి ఉన్న సీసా తెరిస్తే గులాబీ రంగే కనిపించడం మామూలు. మా తాత రంగు ఏ సీసాలోనూ లేదు. బర్న్ట్ సియెన్నా, యెల్లో ఓకర్ కలిపి, అల్ట్రామెరీన్ నీలం సూది మొనంత వేశాను. ఎండిన తాటిమట్ట రంగు వచ్చింది. నల్లటి చర్మానికి నీడ వేయాలంటే నలుపు కలిపేస్తారు. అది చర్మాన్ని మసి చేస్తుంది. నీలమో ముదురు ఎరుపో కలిపితే లోపల నెత్తురున్న మనిషి కనిపిస్తాడు. వెలుగు పడే చోట తెలుపు కలపడం కూడా అంతే ప్రమాదం, బూడిద పూసినట్టుంటుంది. ఓకర్‌తోనే పైకి వెళ్లాలి.

నీడను కూడా రంగుతోనే వేయడం దేనికన్న సందేహం నాకూ వచ్చింది. ఇంట్లో ట్యూబులైటు వెలుతురు అన్ని వైపులా పరుచుకుంటుంది. అంత చిన్న ముఖం మీది మెత్తటి నీడలు కంటికి ఆనవు. అందుకని పలుచటి ముదురు రంగును నీళ్లలా పారిస్తే అది గుంటల్లోకి దానంతట అదే చేరుతుంది. దీన్ని 'వాష్' అంటారు. ఆరాక, కుంచెను లేత రంగులో ముంచి కాగితానికి దాదాపు అంతా తుడిచేసి, ఎత్తైన చోట్ల తేలిగ్గా ఆడిస్తే పక్కటెముకలు, మోకాలి చిప్పలు, కణుపులు పైకి లేస్తాయి. ఇది 'డ్రై బ్రష్'. ఏ పూతైనా పలుచగా ఉండాలి. చిక్కటి ఒక్క పూత మీరు వారం పాటు సూదితో గీసిన గీతల్ని పూడ్చేస్తుంది.

సన్న పనికి అతి సన్నటి కుంచె కొనకండి. దానికి పట్టే రంగు బొట్టు ముఖం దాకా వెళ్లేలోపే ఆరిపోతుంది. ఒకటో నంబరు కుంచె, మొన పదునుగా ఉన్నది, చాలు. కంటికి ముందు ముదురు గోధుమ గీత, దాని లోపల మురికి తెలుపు, చివర నల్లటి చుక్క. ఆ చుక్క పైరెప్పకు తగలాలి. తగలకపోతే మనిషి ఉలిక్కిపడినట్టు చూస్తాడు. ఆఖరున మ్యాట్ వార్నిష్ కొట్టి, కళ్లల్లో మాత్రం మెరిసే వార్నిష్ చుక్క పెట్టాను. ఆ చుక్క పెట్టిన రాత్రి ఇంక వేరే పని చేయలేకపోయాను.

మోకు, ముస్తాదు

చెట్టు మొత్తం చేయాలంటే అరవై అడుగులకు ఐదు అడుగులవుతుంది. అడుగు ముక్క చేశాను, అంటే పన్నెండు అడుగుల చెట్టు. వంటింటి ఫాయిల్ చుట్టి వచ్చే అట్టగొట్టం మందం తాటిమొద్దుకు సరిపోయింది. పైన పుట్టీ పూసి మట్టలు రాలిన గాట్లు వరసగా నొక్కాను. జనపనారను పేని రెండు మిల్లీమీటర్ల మోకు చేశాను. నడుముకు ముస్తాదు, అందులో గీత కత్తులు, కాళ్లకు గుజి బంధం, పక్కన కల్లు కుండ లొట్టి. లొట్టిని మాత్రం నిజమైన బంకమట్టితోనే చేశాను, ఎందుకో పుట్టీతో చేయబుద్ధి కాలేదు. తలకు రుమాలు టిష్యూ కాగితాన్ని నీళ్ల ఫెవికాల్‌లో ముంచి చుట్టినది. అసలు బట్ట వాడితే ఈ కొలతలో నేత పోగులు తాళ్లలా కనిపిస్తాయి.

2024లో తెలంగాణ ప్రభుత్వం గీత కార్మికులకు కాటమయ్య రక్షణ కవచం పేరుతో కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఈ కాలపు మనిషిని చేసేవాళ్లు ఆ కిట్లోని బెల్టునూ తాళ్లనూ కూడా చేయాలి. మా తాతకు మోకే రక్షణ.

కీళ్లున్న బొమ్మ విలువ అప్పుడు తెలిసింది. మోకు బిగించి, తుంటి దగ్గర వంచి, మోకాళ్లు పక్కలకు తెరిచి, వీపును వెనక్కి వదిలితే బరువంతా తాడు మీదికి వెళ్లి నిలబడ్డాడు. జిగురు లేకుండానే.

ఊరికి తీసుకెళ్లి నాయనమ్మ చేతికిచ్చాను. కళ్లద్దాలు తెప్పించుకుని మంచం మీద కూర్చుని చాలాసేపు తిప్పి చూసింది. ముఖం గురించి ఏమీ అనలేదు. రుమాలు మీద వేలితో ఒకసారి నిమిరింది. తరవాత కాళ్ల దగ్గర ఆగింది.

"మీ తాత కాళ్లు గిట్ల లేకుండె బిడ్డా. బొటనేలు పక్కకు జరిగి ఉంటుండె. చెట్టును గిట్ల పట్టుకుంటుండె" అని తన కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ విడదీసి మంచంకోడును పట్టుకుని చూపించింది.

బూట్లు కోసేసి నేను పెట్టిన పాదాలు మామూలు పాదాలు, నా పాదాలు చూసి చేసినవి. ఎన్నో ఏళ్లు రోజుకు రెండుసార్లు చెట్టును పట్టుకున్న పాదాలు కావు.

రాత్రి ఇంటికొచ్చి రెండు పాదాలనూ చీలమండల దగ్గర కోసేశాను. పుట్టీ కలిపి పెట్టాను. పాకం కుదరడానికి ఇంకా పావుగంట పడుతుంది. ఈలోపు నాయనమ్మ చూపించినట్టే వేళ్లు విడదీసి, బల్ల కోడును పట్టుకుని చూస్తున్నాను.